కొత్త స్కిన్ పట్టని డ్రమ్స్: ఒక పాత ప్రీమియర్ కిట్ కేసు

పదహారు అంగుళాల డ్రమ్ముకి పదహారు అంగుళాల స్కిన్ పట్టలేదు. ఈ కేసంతా అక్కడే మొదలైంది.

నేను చేసే పని చిన్నది. స్టూడియోల్లో డ్రమ్స్ రిపేరు చేస్తాను, సెషన్ ముందు శ్రుతి చేస్తాను, ఏ మైకు ఎక్కడ పెడితే ఏం వినబడుతుందో ఇంజనీరు పక్కన నిలబడి తేలుస్తాను. ఒక జులైలో హైదరాబాద్‌లోని ఓ స్టూడియో ఓనరు ఫోన్ చేశాడు. "అన్నా, మా నాన్న కొన్న పాత కిట్ ఒకటి పైన స్టోర్‌రూములో ఉంది. మా సంగీత దర్శకుడు దాన్ని చూసిపోయాడు. ఇక కంప్యూటర్‌లోని శాంపిల్ డ్రమ్స్ వద్దంటాడు, డెబ్బైల నాటి పాటలా మోగాలంటాడు, అదే కావాలంటాడు. సెషన్‌కి పదకొండు రోజులుంది."

వెళ్లి చూశాను. ఇరవై అంగుళాల బేస్ డ్రమ్, పన్నెండు అంగుళాల టామ్, పదహారు అంగుళాల ఫ్లోర్ టామ్, పద్నాలుగు అంగుళాల మెటల్ స్నేర్. ఎర్ర స్పార్కిల్ రంగు. కిటికీ వైపున్న సగం వెలిసి ఇటుక రంగుకి దిగింది, గోడ వైపు సగం ఇంకా పెళ్లిగాజుల్లా మెరుస్తోంది. రెండు టామ్స్‌కీ కింద స్కిన్ లేదు. స్కిన్‌ని పట్టి బిగించే కింది రిమ్‌లు, రాడ్లు ఒక గోనెసంచిలో విడిగా ఉన్నాయి. బ్యాడ్జి మీద ప్రీమియర్ అని ఉంది. ఒక సూపర్ జిన్ సింబల్ కూడా దొరికింది. అది కూడా ప్రీమియర్ వాళ్లదే.

కిట్‌తో పాటు కథలూ వచ్చాయి. ఓనరు నాన్నగారు తొంభైల్లో చెన్నైలో ఒక స్టూడియో సామాను అమ్మేస్తుంటే కొన్నారట. అప్పటికే తెలుగు పాటల రికార్డింగు ఇటు రావడం మొదలైంది, అక్కడ మిగిలినవాళ్లు కూడా రిథమ్ బాక్సులు, కీబోర్డుల మీదికి మళ్లారు. పెద్ద వాద్యాలకు గిరాకీ లేదు. ఈ కిట్ ఓడలో ఇంగ్లండ్ నుంచి వచ్చిందనీ, బీటిల్స్ వాడింది ఇదే రకమనీ, ఫలానా ఫలానా పాటల్లో మోగింది ఇదేననీ ఇంట్లో చెప్పుకుంటారు.

మొదటిదానికి అడ్డు లేదు. ప్రీమియర్ 1922లో లండన్‌లో పుట్టిన కంపెనీ. 1940లో బాంబుదాడుల్లో లండన్ ఫ్యాక్టరీ పోయాక లెస్టర్ పక్కన విగ్‌స్టన్‌కి మారింది. రెండోది సగం నిజం. బీటిల్స్ డ్రమ్మరు రింగో స్టార్ 1963 దాకా వాయించింది ప్రీమియర్ కిట్టే, ఆ తర్వాత అమెరికా లుడ్‌విగ్‌కి మారాడు. ప్రపంచం గుర్తుపెట్టుకున్నది ఆ లుడ్‌విగ్‌నే. ప్రీమియర్‌ని వదలకుండా అరవైల్లో స్టేజీ మీద విరగ్గొట్టింది ద హూ బ్యాండ్ డ్రమ్మరు కీత్ మూన్. ఇక మూడో కథకి సాక్ష్యం ఏమీ లేదు. ఏ పాత కిట్‌కైనా ఇలాంటి కథ ఒకటి అంటుకుని ఉంటుంది. నేను వింటాను, రిపోర్టులో రాయను.

ఫ్లోర్ టామ్ మీదున్న పాత ఎవర్‌ప్లే స్కిన్, అంటే ప్రీమియర్ వాళ్ల ప్లాస్టిక్ స్కిన్, అంచు దగ్గర చీలిపోయింది. బ్యాగులో ఉన్న కొత్త పదహారు అంగుళాల స్కిన్ తీసి పెట్టాను. దిగలేదు. షెల్, అంటే డ్రమ్ము చెక్క గోడ, కొద్దిగా ఉబ్బిందేమో అనుకుని, అరచేత్తో చుట్టూ తట్టి, రిమ్ పెట్టి, రాడ్లు బిగించడం మొదలుపెట్టాను. నాలుగో రాడ్డు దగ్గర టప్పున చప్పుడైంది. రాడ్డు లగ్‌లోనే, అంటే దాని మర తిరిగే గూట్లోనే, విరిగింది. పాతికేళ్ల అనుభవం ఉన్నవాణ్ని, అలా బలవంతం చేయకూడదని ఎంతమంది కుర్రాళ్లకు చెప్పానో లెక్కలేదు. ఓనరు ఎదురుగా ఉన్నాడు. తొందరగా పని కనిపించాలన్న టెన్షన్‌లో చేశాను, అంతే.

అప్పుడు కూర్చుని కొలిచాను. పదహారు అంగుళాలంటే 406.4 మిల్లీమీటర్లు. అదే స్టూడియోలో ఉన్న జపాన్ కిట్ ఫ్లోర్ టామ్ బయటి వ్యాసం 403. ఈ ప్రీమియర్‌ది కవరింగుతో కలిపి దాదాపు 406. మూడు మిల్లీమీటర్లే తేడా. కానీ స్కిన్ చుట్టూ ఉండే సన్నని రింగు షెల్ మీద వదులుగా కిందికీ పైకీ కదలాలి. అప్పుడే రాడ్లన్నీ సమానంగా లాగుతాయి. అది షెల్‌ని ఎక్కడో ఒకచోట పట్టేసిందంటే ఒకవైపు ఎంత బిగించినా ఆ బిగువు రెండోవైపుకి చేరదు. కొడితే డ్రమ్ము గొంతు నొక్కినట్టు పలుకుతుంది. అందుకే అమెరికా, జపాన్ కంపెనీలు షెల్‌ని పేరుకి పదహారు అన్నా కాస్త చిన్నదిగా చేస్తాయి. పాత ఇంగ్లీషు కొలతలో షెల్లే నిజంగా పదహారు, దాని మీదికొచ్చే స్కిన్ ఆ లెక్కన పెద్దది. ప్రీమియర్ 1960ల చివర్లో అంతర్జాతీయ కొలతకి మారింది. దానికి ముందు చేసినవాటిని ఇప్పుడు కలెక్టర్లు ప్రీ-ఇంటర్నేషనల్ సైజు అంటారు.

అంటే, ఏ కారణం చేత స్కిన్ పట్టట్లేదో, అదే కారణం ఈ కిట్ వయసు చెబుతోంది. బిల్లు లేదు, ఫొటో లేదు, సీరియల్ నంబరుతో తేల్చే దారీ నాకు లేదు. ఆ మూడు మిల్లీమీటర్లే దీని జనన ధ్రువీకరణ పత్రం.

ఆ మాట ఓనరుకి చెబితే ఆయన తన దారిలో ఆలోచించాడు. "మూడు మిల్లీమీటర్లేగా అన్నా, అరగదీయించెయ్. మా వడ్రంగి ఉన్నాడు." తప్పుపట్టలేను. బయట చాలామంది చేసేదే ఇది. పైన స్పార్కిల్ కవరింగు అంచు దాకా ఒలిచి, చెక్కని కూడా కాస్త తగ్గించి, ఇప్పటి స్కిన్ ఎక్కిస్తారు. వ్యాసంలో మూడు అంటే ఒక్కో వైపు ఒకటిన్నర మిల్లీమీటరు. లావుపాటి షెల్ అయితే తట్టుకుంటుంది. ఇది మూడు పొరల బర్చ్ చెక్క, పలుచన. ఆ పలుచదనం వంగిపోకుండా లోపల పైనా కిందా బీచ్ చెక్క పట్టీలు అతికించారు. బయటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటరు తీస్తే పై పొర దాదాపు మొత్తం పోతుంది. సెషన్ గడుస్తుంది. ఆ తర్వాత అది పాత షెల్‌లాంటి కొత్త షెల్.

రెండ్రోజులు టైమివ్వమన్నాను.

ఇంగ్లండ్‌లో వింటేజ్ డ్రమ్స్ అమ్మే దుకాణాల్లో ఈ పాత కొలత స్కిన్లు ఇప్పటికీ దొరుకుతాయి. ఆర్డరు పెట్టేశాను. పన్నెండుకి రెండు, పదహారుకి రెండు. వాటికి, కొరియరుకి, కస్టమ్స్‌కి కలిపి అయిన ఖర్చుతో ఇక్కడ ఒక కొత్త చవక స్నేర్ కొనుక్కోవచ్చు. వచ్చేది మూడు వారాలకి. సెషన్ అప్పటికి తొమ్మిది రోజుల్లో ఉంది.

ఈలోపు షెల్స్ సంగతి. వంటగది ప్లాట్‌ఫారాలకి వేసే నల్ల గ్రానైట్ పలక ఒకటి నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. మార్బుల్ షాపులో ఉక్కు స్కేలు ఆనించి, కింది నుంచి వెలుతురు రాని పలకని ఏరి తెచ్చుకున్నాను. నా వృత్తిలో అంతకంటే నమ్మకమైన పనిముట్టు లేదు. రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, షెల్‌ని పలక మీద బోర్లించి, లోపల టార్చి వెలిగిస్తే అంచు కింద ఎక్కడ సందుంటే అక్కడ వెలుగు గీత కనిపిస్తుంది. పన్నెండు అంగుళాల టామ్ చక్కగా ఉంది. ఫ్లోర్ టామ్ పై అంచు ఒకచోట నా బొటనవేలు పొడవునా పల్లంగా ఉంది. గుండ్రదనం కూడా కొంత పోయింది. ఒక దిక్కున కొలిస్తే 405, అడ్డంగా కొలిస్తే 407.

ఆ పల్లానికి కారణం లోపల దొరికింది. బీచ్ పట్టీ ఒకచోట షెల్ నుంచి విడివడింది. ఎవరో ఎప్పుడో అందులో ఫెవికాల్ పోసి, బిగించకుండా వదిలేశారు. ఆరిన బంక సందులో దిమ్మలా కూర్చుని చెక్కని బయటికి తోసింది. వెచ్చటి తడిగుడ్డ పెట్టి, మెత్తబడ్డాక సన్నని బ్లేడుతో ఆ దిమ్మ తీయడానికి ఒక పూట పట్టింది. మళ్లీ అతికించి, ఎనిమిది క్లాంపులు వేసి, ఒక రోజు కదపలేదు. క్లాంపులు తీశాక అడ్డం కొలత 406కి దిగింది. అంచుని మాత్రం ముట్టుకోలేదు. సాండ్‌పేపరు గ్రానైటు మీద అంటించి షెల్‌ని తిప్పితే పల్లం పోయేది నిజమే, దాంతోపాటు మిగతా చుట్టంతా కూడా తగ్గేది. మిగిలిన సందు ఒక పోస్టుకార్డు మందం కూడా లేదు.

అప్పుడే కనబడింది, షెల్ లోపల కింది అంచు దగ్గర పెన్సిలుతో తమిళంలో ఒక మాట. కీళ్. కింద అని. ఎవరో మద్రాసు రిపేరు మనిషి రెండు స్కిన్లూ తీసినప్పుడు తిరిగి ఏ వైపు ఏదో పొరపడకుండా రాసుకున్నాడు. నేనూ అలాగే రాసుకుంటాను, ఇంకో లిపిలో. ఆ ఫెవికాల్ ఆయన పని అయ్యుండదని నమ్మాలనిపించింది.

విరిగిన రాడ్డు కోసం బాలానగర్ వెళ్లాను. ఇప్పటి రాడ్డు ఏదీ ఆ లగ్‌లో తిరగదు, మర వేరు. లేత్ దగ్గరున్న పెద్దమనిషి విరిగిన ముక్కని గోటితో గీకి, గేజీ పెట్టి చూసి, "గిది మన మర కాదు సార్, ఇంగ్లాండుది. మా నాయిన కాలంల పాత మిషన్లకు వస్తుండె" అన్నాడు. మిల్లీమీటరు మరల పళ్ల మధ్య కోణం 60 డిగ్రీలు, ఇంగ్లీషు విట్‌వర్త్ మరల్లో 55. ఆ ఐదు డిగ్రీల తేడా పట్టించుకోకుండా దగ్గరగా ఉన్న రాడ్డు బలవంతంగా తిప్పితే లగ్ లోపలి మర కూడా పోతుంది. ఆయన దగ్గర ఆ పళ్లు కోసే పనిముట్టు ఉంది. నాలుగు రాడ్లు చేయించాను, మూడు స్పేరు. తల దగ్గర చదరం కాస్త లావొస్తే ఆకురాయితో అక్కడే సరిచేసిచ్చాడు.

ఇక స్కిన్. ప్లాస్టిక్ రాకముందు డ్రమ్ స్కిన్లన్నీ తోలే కదా. 1950ల చివర్లో అమెరికాలో రెమో బెల్లీ లాంటివాళ్లు మైలార్ ఫిల్ముతో చేయడం మొదలుపెట్టేదాకా డ్రమ్మర్లు ఎక్కువగా దూడ తోలు మీదే వాయించారు. తోలుకి సైజు సమస్య లేదు. రింగు ఏ కొలతలో చేస్తే ఆ కొలతలో కూర్చుంటుంది. బాలానగర్‌లోనే ఇనుప కడ్డీ వంచి, షెల్ మీద వదులుగా తిరిగే రింగు చేయించాను. దాన్ని పట్టుకుని పాతబస్తీలో ఢోలక్‌లు చేసే దుకాణానికి వెళ్లాను.

దుకాణదారు రింగు చూశాడు, నన్ను చూశాడు. "ఇంత పెద్ద ఢోలకా భాయ్?" అని నవ్వాడు. డప్పుకి వేసే మేకతోలు పనికొస్తుందా అని అడిగాను. డప్పు తోలు కాస్త మందం, కట్టె దెబ్బకి, నిప్పు సెగకి తట్టుకునేది. దీనికి అంతకంటే పలుచనిది, మొత్తం ఒకే మందం ఉన్నది కావాలన్నాడు. మూడు తోళ్లు వెలుతురులో పట్టి చూపించాడు. మూడోది తీసుకున్నాం. ఒక పూట నీళ్లలో నానబెట్టి, రింగు మీద పరిచి, అంచుని కడ్డీ చుట్టూ తిప్పి లోపలికి దోపడం మొదలుపెట్టాడు. దోపడానికి వాడింది స్టీలు చెంచా కాడ. పాత ఇంగ్లీషు డ్రమ్మర్లకి ఇదే పనికి ప్రత్యేకమైన పనిముట్టు ఉండేది, అది కూడా చెంచా కాడలాంటిదే. తడిగా ఉండగానే డ్రమ్ము మీద పెట్టి, రిమ్‌ని వేళ్లతో తిప్పగలిగినంతే బిగించి ఆరబెట్టాలి. అలా చేస్తేనే అంచు దగ్గర తోలు షెల్ ఆకారానికి వంగి గట్టిపడుతుంది. వానాకాలం. ఒక్కరోజులో ఆరాల్సింది రెండు రోజులు తీసుకుంది. నేను రోజుకి మూడుసార్లు ఫోన్ చేస్తుంటే, "బిడ్డ పుట్టినట్టు అడుగుతున్నావు భాయ్" అన్నాడు.

పన్నెండు అంగుళాల టామ్‌కి పాత ఎవర్‌ప్లే స్కిన్నే ఉంచాను. పుల్లల దెబ్బలకి మధ్యలో సొట్టలు పడింది, చిరగలేదు. బేస్ డ్రమ్‌కి చెక్క రిమ్‌లు, ఇప్పటి స్కిన్ ఇబ్బంది లేకుండా కూర్చుంది. స్నేర్‌కి కొత్త స్కిన్ పట్టింది కానీ కింది తీగల్ని బిగించే మీట తుప్పుతో అరిగిపోయింది. దాని గురించి చెప్పడానికి ఇంకేం లేదు, సెషన్‌లో స్టూడియో వాళ్ల ఇంకో స్నేర్ వాడాం.

సెషన్‌కి రెండ్రోజుల ముందు కిట్ మొత్తం నిలబెట్టి శ్రుతి చేశాను. పన్నెండు అంగుళాల టామ్ 117 హెర్ట్జ్ దగ్గర, ఫ్లోర్ టామ్ 78 దగ్గర పెట్టాను. కిందిది షడ్జమం అనుకుంటే పైది పంచమం. పాట ఏ శ్రుతిలో ఉన్నా స-ప సంబంధం ఉన్న రెండు టామ్స్ మన చెవికి తప్పుగా తోచవు.

ఇక్కడ చిన్న పక్కదారి. డ్రమ్ము స్కిన్ అసలు స్వరానికి పైనొచ్చే అనుస్వరాలు మృదంగంలో ఉన్నట్టు ఒద్దికగా ఉండవు. ఖాళీ గుండ్రటి పొర మీద మొదటి స్వరం ఒకటైతే తర్వాతివి 1.59, 2.14, 2.30 రెట్లు. ఏదీ ఏదానితోనూ కలవదు. మృదంగం కుడి మూత మీది నల్లటి పూత వల్ల అవి దాదాపు పూర్ణ సంఖ్యల రెట్లకి వచ్చి కూర్చుంటాయని సి.వి. రామన్ 1920లోనే నేచర్ పత్రికలో చూపించారు. డ్రమ్ముకి అలాంటి పూత లేదు. అందుకే డ్రమ్మర్లు ఆ అదనపు మోతని గుడ్డతో, టేపుతో, జెల్ ముక్కతో అణుస్తారు. మృదంగం వాళ్లు ఎడమ మూత మధ్యలో రవ్వ ముద్ద అద్దినప్పుడు నాకు డ్రమ్ము మీది టేపు ముక్క గుర్తొస్తుంది. రెండూ ఒకటి కాదని తెలుసు. చేత్తో ముట్టుకుని చెవితో సరిచూసుకునే పద్ధతి మాత్రం ఒకటే.

కిట్ మోగింది. సంగీత దర్శకుడు వచ్చి రెండు నిమిషాలు విని, "అదీ! చెక్క వయసు వినబడుతోంది" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. కానీ అది నిజమో కాదో తెలియకుండా రిపోర్టు ఎలా రాయను? స్టూడియోలోని జపాన్ కిట్, అదీ బర్చ్ చెక్కదే, పక్కనే పెట్టించాను. దాని టామ్స్‌కి కింది స్కిన్లు ఊడదీశాను, ప్రీమియర్ మీద ఉన్నట్టే పైన టీ టవల్ ముక్కలు టేపుతో అంటించాను, అదే 78కి, 117కి శ్రుతి చేశాను. అదే డ్రమ్మరు, అవే పుల్లలు, అవే మైకులు, అదే దూరం. టామ్ రోల్స్ రెండు కిట్ల మీదా రికార్డు చేసి ఏది ఏదో చెప్పకుండా వినిపించాం. సంగీత దర్శకుడు మూడింట రెండుసార్లు జపాన్ కిట్‌ని ప్రీమియర్ అన్నాడు. ఇంజనీరు కూడా ఒకసారి తడబడ్డాడు.

దీంతో ఓనరు మొహం కాస్త చిన్నబోయింది. నాకు మాత్రం ఈ కేసులో అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. పాత సౌండు అని మనం అనుకునేదాంట్లో పెద్ద వంతు యాభై ఏళ్లు దాటిన చెక్కది కాదు. కింది స్కిన్ లేకపోవడం, పైన గుడ్డ, మైకు దూరం, వీటిదే.

కింది స్కిన్లు ఎందుకు తీసేశారో నాకు ఒక పెద్దాయన చెప్పారు. అరవైలు, డెబ్బైల్లో మద్రాసులో సెషన్ డ్రమ్మరుగా వాయించినవారు, ఇప్పుడు కూతురి దగ్గర హైదరాబాద్‌లో ఉంటున్నారు. కిట్ చూపించడానికి కారులో తీసుకొచ్చాం. "తీయించింది మేమే నాయనా. పాట పాడేవాళ్లు గాజు గదిలో ఉంటే, వయొలిన్లు, ఫ్లూటు, తబలా, నేనూ అందరం ఒకే హాల్లో. నా టామ్ వంగి వంగి మోగుతా పోయి వయొలిన్ల మైకులో పడితే ఇంజనీరు ఊరుకుంటాడా? కింద ఊడదీసి, పైన తుండుగుడ్డ వేసి, దెబ్బ కొట్టగానే ఆగిపోయేట్టు చేసుకునేవాళ్లం. ఒక్కడు తప్పు వాయిస్తే అందరం మొదటి నుంచి." ఈ కిట్టే వాయించారా అని ఓనరు ఆశగా అడిగాడు. ఆయన ఎర్ర స్పార్కిల్ మీద చెయ్యేసి చూసి, "గుర్తులేదు. ఎర్రవి చాలా ఉండేవి" అన్నారు.

అంటే ఆ పొడి సౌండు ఎవరి అభిరుచీ కాదు, ఆ హాలు అవసరం. మనం ఇప్పుడు ఒక్కో వాద్యాన్ని విడివిడిగా, ఒకరి మొహం ఒకరు చూడకుండా రికార్డు చేస్తూ, ఆ అవసరం పోయాక దాని గుర్తుని మాత్రం వెతుక్కుంటున్నాం. ఇంగ్లండ్‌లోనూ కథ ఇలాంటిదే. 1966లో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో బీటిల్స్ రికార్డింగు ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ బేస్ డ్రమ్‌లో ఊలు స్వెట్టరు కుక్కి, నిబంధనకి విరుద్ధంగా మైకుని దగ్గరికి జరిపాడు. అప్పటిదాకా మైకుని అంత దగ్గర పెట్టనిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు ఆ దగ్గరి దెబ్బని అందరూ సహజమైన డ్రమ్ము సౌండనుకుంటారు.

మరి చెక్కకి ఏమీ లేదా అంటే, ఉంది. జపాన్ కిట్ టామ్ అంచు కత్తిలా 45 డిగ్రీలకి కోసి ఉంటుంది. స్కిన్ దాన్ని సన్నని గీత మీదే తాకుతుంది. ఈ ప్రీమియర్ అంచు గుండ్రంగా ఉంది. స్కిన్‌ని ఎక్కువ వెడల్పున తాకి, పై అనుస్వరాల్ని పుట్టగానే కొంత తినేస్తుంది. గుడ్డలు తీసేసి రెండు కిట్లనీ ఖాళీగా వాయిస్తే ఆ తేడా ఎవరికైనా తెలుస్తుంది. ప్రీమియర్‌కి గుడ్డ సగం చాలు. బేస్ డ్రమ్‌లో తేడా ఇంకా స్పష్టం. ఇరవై అంగుళాలే అయినా, ముందు స్కిన్‌కి రంధ్రం లేకుండా, లోపల ఏమీ కుక్కకుండా, వెనక స్కిన్‌కి అడ్డంగా ఒక ఫెల్ట్ పట్టీ మాత్రం వేస్తే, దెబ్బ వెనక చిన్న స్వరం మిగులుతుంది. జపాన్ కిట్ ఇరవై రెండుతో మేం ఎంత చేసినా అది రాలేదు. ఆ అంచుని అరగదీసి ఉంటే ఏం పోయేదో ఓనరుకి ఈ పోలిక విన్నాకే అర్థమైంది. అప్పటిదాకా నేను చెప్పిందంతా పాత వస్తువు మీద చాదస్తం అనుకున్నాడు.

సెషన్ రోజు చివరికి వాడింది నాలుగు మైకులే. స్నేర్ నుంచి కొలిచి ఒకే దూరంలో రెండు, ఒకటి కిట్ పైన, ఒకటి ఫ్లోర్ టామ్ పక్కన భుజం ఎత్తులో. ఇంగ్లీషు రికార్డింగు ఇంజనీరు గ్లిన్ జాన్స్ పేరు మీద చెలామణి అయ్యే పద్ధతి. రెండిటికీ స్నేర్ నుంచి దూరం సమానంగా ఉండాలి, లేకపోతే స్నేర్ దెబ్బ రెండు మైకులకీ వేర్వేరు క్షణాల్లో చేరి పలచబడుతుంది. టేపు కొలత అక్కర్లేదు, స్నేర్ మధ్యలో దారం ఒక కొస పట్టుకుని చూసుకుంటే చాలు. స్నేర్ మీద ఒక ఎస్ఎం57 మైకు, బేస్ డ్రమ్‌కి అడుగు దూరంలో ఒక డి112 మైకు. ఇంజనీరు మొదట టామ్స్‌కి కూడా విడిగా మైకులు పెట్టాడు, వాటి శబ్దం పెంచే ఫేడరు ఏ టేక్‌లోనూ పైకి లేవలేదు. నేల మీది కార్పెట్‌ని కిట్ ముందు నుంచి తీయించాక గదికి కాస్త గొంతు వచ్చింది.

అంతా బాగుంది అనుకునేసరికి మేకతోలు తన సంగతి చూపించింది. పొద్దున ఏసీ వేసిన గదిలో 78 దగ్గరున్న ఫ్లోర్ టామ్, మధ్యాహ్నం భోజనానికి తలుపులు తెరిచి ఏసీ ఆపాక 70కి పడిపోయింది. బయట వాన. తోలు తేమ తాగి సాగింది. మళ్లీ ఏసీ వేస్తే నెమ్మదిగా పైకి వచ్చింది, కానీ ఎక్కడ ఆగుతుందో దానికే తెలియాలి. ప్రతి టేక్ ముందూ శ్రుతి చూసుకోవాల్సి వచ్చింది. సాయంత్రానికి డ్రమ్మరు హెయిర్ డ్రయ్యరు తెప్పించుకుని పక్కన పెట్టుకున్నాడు. డప్పుని మంట దగ్గర కాచినట్టే. వాయించేవాడికీ శ్రుతి చేసేవాడికీ ఇది నరకం. కానీ ఆ తోలు మీద పడిన దెబ్బకి ఒక గుండ్రటి, దగ్గరి మాట ఉంది. ప్లాస్టిక్ స్కిన్ మీద పుల్ల తగలగానే వచ్చే టిక్‌మన్న శబ్దం లేదు. పాటలో రెండో చరణం ముందు వచ్చే నాలుగు దెబ్బలు ఆ టామ్ మీదే ఉన్నాయి. మిక్స్‌లో ఇంజనీరు వాటి పలుకు మార్చే ఈక్యూని ముట్టుకోలేదు.

మూడు వారాలకి ఇంగ్లండ్ స్కిన్లు వచ్చాయి. ఫ్లోర్ టామ్ మీద పెట్టగానే, చెయ్యి వేయకుండానే, మూతలా జారి కూర్చుంది. మొదటిరోజు నేను చేసిన బలవంతం గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది. గోనెసంచిలోని రిమ్‌లు తీసి, కింద కూడా స్కిన్లు వేసి చూశాను. రెండు స్కిన్లతో ఆ టామ్ అంత పొడవుగా, అంత తీయగా మోగుతుందని స్టూడియోలో ఎవరికీ తెలియదు. వాళ్ల నాన్నగారి కాలం నుంచీ దాన్ని ఎవరూ అలా విననే లేదు. ఓనరు అదే బాగుందన్నాడు. సంగీత దర్శకుడు వద్దు, కింద ఊడదీయమన్నాడు. ప్రస్తుతం కింది స్కిన్లు, రిమ్‌లు, రాడ్లు ఒక ప్లాస్టిక్ డబ్బాలో లేబులు వేసి ఉన్నాయి, ఎవరికి ఏది కావాలంటే అది. మేకతోలు రింగు స్టోర్‌రూములో గోడకి మేకు మీద వేలాడుతోంది. ఎలుకలు రాకుండా చూడమని చెప్పాను.

చివరిసారి షెల్స్ మూసే ముందు, ఫ్లోర్ టామ్ లోపల ఆ తమిళ మాట పక్కన పెన్సిలుతో తెలుగులో రాశాను: పాత ఇంగ్లీషు కొలత. కొత్త స్కిన్ పట్టదు. అరగదీయొద్దు.